గుమ్మంలో నలభై నిమిషాలు

అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చిన్న ఊరి కోర్టు. గడ్డకట్టిన సరస్సు మీద పొరుగాయన చేపలు పట్టడానికి వేసుకున్న గుడిసెను తగలబెట్టాడని ఒక ముసలాయన మీద కేసు. విచారణ అయ్యాక వరండా బెంచీ మీద తన లాయరమ్మ పక్కన కూర్చుని, ఆమె ఏం చెబుతుందోనని చూస్తున్నాడు.

“జడ్జిగారు మన మాట విన్నారు పెద్దాయనా. పోలీసులు స్టేషన్ గదిలో తలుపేసి కూర్చోబెట్టి, నోరు మెదపకుండా ఉండే హక్కు మీకుందని చెప్పకుండా అడిగారు కాబట్టి, ఆ గదిలో మీరు ఒప్పుకున్నది చెల్లదన్నారు.”

“అయితే ఇంటికెళ్ళిపోవచ్చా?”

“గుమ్మంలో ఒప్పుకున్నది మిగిలింది.”

“గుమ్మంలోనా?”

“పోలీసాయన తలుపు తీసి, ఇక మీరు వెళ్ళొచ్చన్నాడు. మీరు టోపీ పెట్టుకుని నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డారు.”

“నలభయ్యేనా? మా చెల్లెలింటి గుమ్మంలో వెళ్ళొస్తానని చెప్పడానికే గంట పడుతుంది నాకు.”

“ఆ పోలీసాయన భార్య మోకాలినొప్పి ఎలా ఉందని మీరే అడిగారు. మంచు గురించి చెప్పారు. కిరసనాయిలు ఏ డబ్బాలో తీసుకెళ్ళారో కూడా చెప్పారు. అప్పుడు మిమ్మల్నెవరూ ఆపలేదు, అందుకని అదంతా చెల్లుతుంది.”

“ఆయన అడిగితేనే చెప్పానా?”

“లేదు. జాగ్రత్తగా వెళ్ళి రండని మూడుసార్లు అన్నాడు. రికార్డింగులో ఉంది.”

“నాకంటే ఆ గుడిసే నయం. కాలిపోతూ కూడా ఒక్క మాట అనలేదు. శిక్ష ఎంత పడుతుంది?”

“రెండేళ్ళు పడొచ్చు. వెళ్ళమన్నప్పుడే వెళ్ళిపోయుంటే వాళ్ళ దగ్గర ఏమీ ఉండేది కాదు.”

ముసలాయన టోపీ సర్దుకున్నాడు.

“వెళ్ళమన్నాడు కదా అని వెంటనే వెళ్ళిపోతే, నన్ను ఎలాంటివాడనుకుంటాడమ్మా?”