నాలుగు గుమ్మాల మిషన్

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ బయట, బల్ల మీద కాళ్లు చాపుకుని, చుట్టూ చేరిన పనివాళ్లకి బాబాయ్ కోతలు మొదలెట్టేశాడు. లోపలి మిషన్లకి ప్రోగ్రాం రాసేది ఆయనే. ఆయన్ని లాక్కెళ్దామని వచ్చిన సూపర్‌వైజరమ్మని నోరు మెదపనిస్తేనా! నాలుగింటికి ఆస్పత్రి వ్యాను వస్తుంది, మూడొందల దుప్పట్లూ మురికిగానే ఉన్నాయి. ఆవిడ ప్రాణం గిలగిల్లాడుతోంది.

"ప్రోగ్రాం ఒకసారి కంపైల్ చేశాక, అంటే మిషన్ భాషలోకి మార్చేశాక, దాని గుమ్మం, అదే అది మొదలయ్యే చోటు, మారదంటారు, ఎప్పుడూ అక్కణ్ణించే మొదలవ్వాలట. నేనూరుకుంటానా? నానబెట్టడానికొకటి, ఉతకడానికొకటి, జాడించడానికొకటి, ఆరబెట్టడానికొకటి, మొత్తం నాలుగు గుమ్మాలు పెట్టా. మిషన్ ఆన్ చేశాక ఏ గుమ్మంలోంచి దూరమంటే అందులోంచే దూరుతుంది!"

"బాబాయ్, ఒక్క నిమిషం..."

"ఉండమ్మా, అసలు కథ ఇప్పుడేగా! ఓరోజు తిన్నగా ఆరబెట్టే గుమ్మం నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బట్టలు తడవకముందే ఆరిపోయాయి!"

"ఆహా!" అన్నాడు ఇస్త్రీ అతను, నవ్వాపుకుంటూ.

"మర్నాడు ఐదో గుమ్మం తెరిచా. వచ్చేవారం మాయాల్సిన చొక్కాలు ఈ వారమే తెల్లగా బయటికొచ్చాయి. అంతటితో ఆగానా? సున్నా గుమ్మం! నా చొక్కానే వేశా. తీసి చూస్తే చొక్కా లేదు, దారం ఉండలు. ఇంకోసారి తిప్పితే పత్తి! మూడోసారి తిప్పుంటే డ్రమ్ములో పత్తిచేనే మొలిచేది, పోనీలే పాపమని ఆపేశా!"

సూపర్‌వైజరమ్మకి ఒళ్లు మండిపోయింది.

"బాగుంది బాబాయ్. నిన్న నువ్వు కొత్త ప్రోగ్రాం ఎక్కించావు చూడూ, పొద్దున్నుంచి మిషన్ చుక్క నీళ్లు పట్టకుండానే 'పని పూర్తయింది' అంటోంది."

"గుమ్మం ఎంచుకోలేదేమో. స్క్రీన్ మీద అడుగుతుందిగా?"

"అడుగుతోంది. పని పూర్తయిందని చెప్పాక, అప్పుడు తీరిగ్గా అడుగుతోంది, ఏ గుమ్మంలోంచి మొదలెట్టమంటారూ అని!"

బల్ల చుట్టూ ఒకటే నవ్వులు. బాబాయ్ కాళ్లు కిందికి దించాడు. నిన్న ఇంటికెళ్లే తొందరలో ఆ ప్రశ్నని ప్రోగ్రాం చివర్న అతికించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"సరిచేసేసరికి సాయంత్రమవుతుందేమోనమ్మా" అని గొణిగాడు.

ఆవిడ రబ్బరు చేతి తొడుగులు తీసి ఆయన ఒళ్లో పడేసింది.

"అయితే చేత్తో ఉతుకుదువుగాని, లే బాబాయ్. ఏ దుప్పటితో మొదలెడతావో నీ ఇష్టం."