గండ్రగొడ్డలి పదును

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన కొలిమి, సాయంత్రం నాలుగున్నర. గుంజకు నిలబెట్టిన తడి చాపచుట్ట ముందు గొడ్డలి ఎత్తి గంగప్ప. ఎదురుగా ఫోన్ పట్టుకుని అతని కూతురు ఈశ్వరి.

“ఉండు నాయనా, ఇంకా కొట్టొద్దు. రికార్డు ఆన్ కాలేదు.”

“ఎంతసేపు పాపా? చెయ్యి పీకుతాంది.”

“ఆఁ, ఇప్పుడు. ఏటవాలుగా, ఒకే దెబ్బ. మొన్నటి మాదిరి దండం పెట్టుకుంటా నిలబడొద్దు.”

“మొక్కితే తప్పా?”

“ఆర్డరిచ్చే పోలండోళ్ళు వీడియోలో గొడ్డలిని చూస్తారు, దేవున్ని చూడరు. కొట్టు.”

దెబ్బ పడింది. చాపచుట్ట ఊగి, ఊగి, నిలబడింది.

“తెగలా.”

“సగం తెగిందిలే.”

“సగం తెగితే దాన్ని తెగలేదనే అంటారు నాయనా. ఇట్లియ్యి, చూడనీ. అంచు చూసినావా? బస్సు టికెట్ మడిచినట్ల మడతపడిపాయ.”

“చాప లోపల వెదురుకట్టె ఏంటికి పెట్టినావు? ఉత్త చాపైతే తెగేది.”

“పెట్టమనింది నేనా? వాళ్ళ రూలు. చాప కండంట, వెదురు ఎముకంట. రాత్రంతా నానబెట్టల్ల, ఒక్క దెబ్బకు రెండూ తెగల్ల, అంచు చెడకూడదు. అప్పుడే పన్నెండు గండ్రగొడ్డళ్ళు చేయమంటారు.”

“ఎవరి ఎముకలు కొడతారంట అన్నిటితో?”

“ఎవరివీ లేదు. ఆదివారం పూట ఇనుప చొక్కాలేసుకోని పాతకాలం యుద్ధం ఆడుకుంటారు. మిగతా దినాలు నా మాదిరే కంప్యూటర్ ముందర కూచుంటారు.”

“నీకు ఆ ఉద్యోగం పోయింది గదా.”

“థాంక్స్ నాయనా. మర్చిపోయింటి.”

“ఊరికే అంటి. ఆ చాప రెండు బిందెల నీళ్ళు తాగింది. ట్యాంకరు రాక నాలుగు దినాలాయ.”

“ఆ నీళ్ళు మల్ల బర్రెకు పెట్టినాలే, అది తాగింది, ఏమీ అనలేదు. మాట మార్చొద్దు. మొదటి గొడ్డలి అంచు గాజుపెంకు మాదిరి రాలిపాయ. ఇది మడతపడె. ఒకటి మరీ గట్టి, ఇంకొకటి మరీ మెత్తన. ముప్పై ఏండ్లుగా చేసే పనే గదా. ఏమైంది నీకు?”

“ఇనుము మంచిది కాదు.”

“రెండూ ఒకే లారీ కమాను పట్టీ ముక్కలు. నువ్వే ఏరి తెచ్చినావు. సుత్తితో తట్టి, గంట మోగినట్ల మోగుతాందంటివి.”

“అయితే బొగ్గు. తడిబొగ్గు ఇచ్చినాడు.”

“నిన్న గాలి అంటివి. మొన్న నేను ఫోన్ పట్టుకోని నిలబడితే సిగ్గంటివి.”

“సిగ్గే. ఎవరో తెల్లోళ్ళు చూస్తారని తెలిస్తే చెయ్యి ఆడతాదా?”

“నాయనా, ఇట్ల చూడు. ఇంక ఒక్కటే ఉండాది, కొలిమిలో కాలేది. రాత్రి లోపల వీడియో పోకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతాది. ఆర్డరు వస్తే అమ్మ ఆ బెంగళూరు హాస్టల్లో చపాతీలొత్తేది మాని ఇంటికొస్తాది. అదే గదా మనం అనుకునింది?”

“అదే.”

“మూడు నెలలని పోయింది. ఎనిమిదాయ.”

“నాకు లెక్క చెప్తావా? వాన పడి సేద్యం ఉంటే మీ అమ్మ ఏంటికి పోతాది? ఈ సంవత్సరం ఒక్కడన్నా గుంటక పదును పెట్టమని తెచ్చినాడా నా తాకు?”

“తేలేదు. అందుకే గదా ఈ పోలండోళ్ళను పట్టుకునింది. యాడ తప్పు పోతాందో చెప్తే...”

“నువ్వు ఎడిటింగ్ అంటావే, దాంతో అతికించలేవా? తెగినట్ల?”

“అతికిస్తా. గొడ్డలి వాళ్ళ చేతికి పోయినాక ఎవరు అతికిస్తారు, నువ్వా?”

“ఊరికే అడిగినా.”

“నేను రెండు వీడియోలూ నిదానంగా తిప్పి తిప్పి చూసినా నాయనా. ఎర్రగా కాల్చినావు. అంచు ఒక్కటీ నీళ్ళలో ముంచి తీసినావు. రాయితో రుద్దితే తెల్లగా మెరిసె. లోపలి వేడి అంచు తాకు పాకతా వస్తే రంగులు మారతాయి. సరైన రంగుకు మల్ల ముంచేయల్ల. ఇంతేనా పని?”

“ఇంతే.”

“మొదటిదాన్ని రంగు రాకముందే ముంచినావు. రెండోదానికి నీలం వచ్చి, పోయినా, నువ్వు కొయ్య మాదిరి నిలబడినావు.”

“నీలమా వచ్చింది?”

“నీలమే. నెమలిమెడ మాదిరి.”

“ఓహో.”

“ఓహో ఏంది?”

“ఏం లేదు. నిప్పు ఆరిపోతాంది, బ్లోయర్ తిప్పు.”

“తిప్పుతాండా. నాయనా, నా చున్నీ ఏం రంగు?”

“ఇప్పుడు చున్నీ ఏంటికి?”

“చెప్పు.”

“ఎరుపు.”

“ఆకుపచ్చ.”

“సాయంత్రం గదా, వెల్తురు తక్కువ.”

“ఎండ మొగాన కొడతాంది నాయనా.”

“పుట్టినకాన్నుంచీ అంతే పాపా.”

“అంతే అంటే?”

“ఎరుపూ ఆకుపచ్చా నీలమూ అన్నీ నాకు ఒకటే, మట్టి మాదిరి. ఇనుము మింద ఏదో పాకేది తెలుస్తాది. యాడ ఆపల్లో తెలీదు. ఇదే పనికి మా నాయన పట్టకారు కాల్చి వాత పెట్టినాడు, చూడు, ఈడ. కంటికి తెలీదని చెప్పుంటే కొలిమి మా తమ్మునికి పోయేది. చెప్పలేదు.”

“మరి ముప్పై ఏండ్లు ఎట్ల చేసినావు?”

“మీ అమ్మ ఉండె గదా.”

“అమ్మ తిత్తి ఊదేది. అంతే గదా.”

“ఊది, ఎదురుగా నిలబడేది. నేను గొడ్డలి పట్టుకోని ఉంటే, ఒకప్పుడు ‘ఊఁ’ అనేది. నేను ముంచేసేటోన్ని. అది ‘ఊఁ’ అన్న కొడవలి ఒక్కటన్నా వెనక్కి రాలేదు.”

“అమ్మకు తెలుసా, నీకు రంగులు కనపడవని?”

“లేదు.”

“ముప్పై ఏండ్లు ఎదురుగా నిలబడిన మనిషికి చెప్పలేదా?”

“ఎట్ల చెప్పేది పాపా? కమ్మరోనికి రంగు తెలీదని పెండ్లాం తాన ఎట్ల చెప్పేది? పెండ్లైన కొత్తలో తనంతట తనే ఊఁ అనింది. మంచిదిలే అనుకుంటి. మల్ల అది ఏమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు.”

“సరే. ఈసారి నేను చూసి చెప్తా.”

“ఏ రంగుకు చెప్తావు?”

“నెట్‌లో పట్టిక ఉండాది. ఉండు, తీస్తాండా. లేత గడ్డి రంగు, ముదురు గడ్డి రంగు...”

“ఏ గడ్డి?”

“అదే నేనూ అనుకుంటాండా. మన పక్క గడ్డి మొలిస్తే గదా దాని రంగు తెలిసేది. తర్వాత గోధుమ, ఊదా, నీలం. ఒక్కో ఇనుముకు ఒక్కో రంగంట. లారీ కమాను పేరే లేదు ఇందులో.”

“మరి?”

“అమ్మకు చేస్తాండా.”

“వద్దు.”

“ఏంటికి?”

“తెలిసిపోతాది.”

“తెలిస్తే తెలియనీ నాయనా. ఒక్కటే ముక్క ఉండాది.”

రెండోసారి వీడియో కాల్ చేస్తే హనుమంతమ్మ ఎత్తింది. ఆమె వెనక గిన్నెల చప్పుడు.

“ఏమ్మే, ఈ టైములో చేసినావు? మీ నాయన బాగుండాడా?”

“బాగుండాడు మా. నీ మొగమంతా పిండి.”

“నూటిరవై మందికి ఒత్తల్ల. బిరబిర చెప్పు, వార్డెనమ్మ చూస్తాంది.”

“కొలిమిలో గొడ్డలి కాలుతాంది. ఆఖరుది. నువ్వు ఫోన్లో చూసి, ఎప్పుడు ముంచల్లో చెప్పు.”

“నేను చెప్పేదేంది? మీ నాయన ల్యాడా ఆడ?”

“ఈడే ఉండా. ఊరికేలే. నువ్వు లేక చెయ్యి ఆడలేదు.”

“ఇదేందయ్యా, ఎన్నడూ లేని మాట. తాగినావా?”

“మాటలు తర్వాత. నాయనా, తీయి. అంచు ముంచు. ఆఁ, రుద్దు. మా, కనపడతాందా? ఏం రంగుండాది?”

“తెల్లగా, ట్యూబులైటు మాదిరి.”

“ఫోన్ దానంతట అది రంగు దిద్దుతాంది. ఉండు, సెట్టింగ్ మారుస్తా. ఇప్పుడు?”

“ఇప్పుడు ఊదా. మీ నాయన కూడా ఊదాగానే ఉండాడు.”

“పనికిరాదు. సరే, నా కంటితో చూసి పేరు చెప్తా. ఏ పేరుకు ముంచల్లో అది చెప్పు చాలు. లేత గడ్డి రంగు వస్తాంది మా. ఇదేనా?”

“ఏమో.”

“ఏమో అంటావేంది? ముదురుతాంది. ఇప్పుడా?”

“నన్నడుగుతావేంది పాపా, మీ నాయననడుగు. ఆయప్పకు తెలియందా?”

“మా, గోధుమ రంగాయ. అంచు తాకు వచ్చేస్తాంది. నువ్వు ఊఁ అనేదానివంట గదా? ఏ రంగుకు అనేదానివి?”

“అనేదాన్ని, లేదన్నానా. రంగూ గింగూ నాకేం తెలుసు?”

“ఊదా వస్తాంది. నాయనా, అమ్మకు నువ్వు చెప్పు. చెప్పేయ్ ఇంక.”

“హనుమంతమ్మా, నాకు రంగులు కనపడవు.”

“ఏంది?”

“పుట్టినకాన్నుంచీ కనపడవు. ఇన్నేండ్లూ నీ ఊఁ విని ముంచినా. అంతకు మించి నాకేమీ తెలీదు. పాప ఊదా అంటాంది, ఇంక రవంత సేపు కూడా నిలవదు. నువ్వు ఏం చూసి చెప్పేదానివో అది చెప్పు.”

“నేను ఇనుమును యాడ చూసినానయ్యా? ఆ మంట నా కండ్లకు పడదు. నీ మొగమే చూసేదాన్ని. నువ్వు ఊపిరి బిగబట్టి కిందిపెదవి కొరుక్కుంటే, ఈయప్పకు తెలిసిపాయలే అనుకోని ఊఁ అనేదాన్ని. పాపా, ఫోన్ మీ నాయన మొగానికి తిప్పు.”