కురొసె వంతెన దాటని గవర్నరుగారు

1906 ఏప్రిల్ రెండవ తేదీన హోం శాఖలో చిన్న ఉద్యోగిగా చేరిన శ్రీ ఇసొగాయ్ నొబుకత గారు, దాదాపు మూడు దశాబ్దాల సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. టోక్యోలో మంత్రివర్గం మారినప్పుడల్లా గవర్నర్లకు మూటాముల్లె సర్దుకోక తప్పదు. అయినా వారు ఏనాడూ "ఎలాగూ పోయేవాణ్ణే" అని చేతులు కట్టుకు కూర్చోలేదు.

పట్టుపురుగుల సీమలో జిల్లా అధికారిగా, అటుపై ఒక రేవుపట్నంలో పోలీసు విభాగాధిపతిగా అనుభవం గడించి, 1927లో మా మంచుసీమకు గవర్నరుగా విచ్చేశారు. కురొసె నదిపై వంతెన వారి పట్టుదల ఫలితమే. కొత్త వంతెనపై తొలి అడుగులు ఒకే ఇంటి మూడు తరాల దంపతులు వేయడం ఆచారం. ఆ గౌరవానికి వారు ఆ నది రేవులోనే జనాన్ని పడవలో దాటించే జెన్‌జబురో కుటుంబాన్ని ఎంచుకున్నారు.

"మా కూడు తీసే వంతెన మీద మమ్మల్నే ముందు నడవమంటారా దొరగారూ? ఊరు నవ్వదూ!" అని అతడు నిష్ఠూరమాడాడు.

గవర్నరుగారు నొచ్చుకోలేదు. వంతెన కాపలా ఉద్యోగం అతని కొడుక్కే ఇప్పించారు.

"అయితే మా వెనకాల మీరే నడవాలి. మాటివ్వండి."

"ఇచ్చాను పో!"

ప్రారంభం దగ్గర పడ్డాక మంత్రివర్గం కూలి, బదిలీ తంతి వచ్చింది. అప్పుడే జెన్‌జబురో తల్లి జ్వరంతో లేవలేని స్థితిలో పడింది. అయినా వారు వెళ్లేలోపే ప్రారంభం జరిపించేద్దామని రహదారుల విభాగంలోని మేమంతా పట్టుబట్టాము.

"నా ముచ్చట కోసం ఆ ముసలమ్మను మంచులో నడిపిస్తారటయ్యా?" అని మందలించారు.

రైల్వే స్టేషను అవతలి ఒడ్డున ఉంది. ముందు నడవవలసినవారు ఇంకా నడవలేదు గనుక, వెళ్లే రోజున గవర్నరుగారు తాము కట్టించిన వంతెన కిందుగా, జెన్‌జబురో పడవలోనే నది దాటారు. తలెత్తి చూస్తూనే ఉన్నారు.

"మాట తప్పారు దొరగారూ" అన్నాడు జెన్‌జబురో, ఒడ్డు చేరాక.

"తప్పలేదయ్యా. ఆలస్యమైందంతే."

ముసలమ్మ కోలుకున్నాక ఆ మూడు జంటలూ నడిచాయి. కొత్త గవర్నరుగారు వెనకాల నడిచారు గాని, జెన్‌జబురో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇసొగాయ్ గారు మరి రెండు ప్రాంతాలను సమర్థంగా పాలించారు. ఇటు రావడానికి మాత్రం తీరిక చిక్కలేదు. విరమణ వార్త విని జెన్‌జబురో మా కచేరీకి వచ్చాడు.

"అటు నేనే పడవలో దాటించాను. ఇటు మాత్రం నడిచే రావాలని చెప్పండి బాబూ. మా ఇద్దరికీ కాళ్లలో సత్తువ ఉండగానే రమ్మనండి."

ఆ సత్తువ చిరకాలం నిలవాలని, సతీసమేతంగా వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, విశ్రాంత జీవితంలో వారి తొలి నడక, జెన్‌జబురో వెనకాల, కురొసె వంతెనపైనే సాగాలని మనసారా కోరుకుంటున్నాము.