యల్లమంద తాత చెప్పని విత్తనం

ఏరువాక పున్నమి వెళ్ళిన మూడోనాడు, సోమవారం, పొద్దు బారెడెక్కిన వేళంట. ముందురోజు వానకి చేను తడిసి, విత్తడానికి మంచి పదునుమీదుంది. మా నాయనమ్మ పున్నమ్మ అప్పటికి కొత్త కోడలు. ఆమె పెదమామ యల్లమంద ఇంటికి పెద్ద. జొన్న విత్తనం ఎండబెట్టి, బూడిద కలిపి, బాన మూతికి పేడ మెత్తి దాచేది ఆయనే. ఇంకెవరూ ఆ బాన ముట్టకూడదు, ఆ ఇంటి పద్ధతి అట్లా అనుకో. విత్తే రోజున ఆయన దేవుడి దీపం ముందు నిలబడి "విత్తనం మొలుస్తుంది" అనాల. అంటేనే ఎడ్లు కదిలేది.

ఆరోజు ఏమైందంటే, తమ్ముడు నాసరయ్య, అంటే పున్నమ్మ సొంత మామ, విత్తనం వేసే గొర్రుకి ఎడ్లు కట్టి, "చెప్పన్నా" అన్నాడంట. "ఏం చెప్తాంరా, మనం అనుకుంటే అవుతయ్యా? అంతా స్వామి దయ" అన్నాడంట పెద్దాయన. ఆహా, ఎంత భక్తో అనుకున్నారు అందరూ. నేనున్నా అంతే అనుకుందును, ఆ మాట నేనూ రోజుకి పదిసార్లంటాగా. పున్నమ్మ మాత్రం తలుపు చాటునించి, "పెదమామా, స్వామి దయ సరే. మొలుస్తుందా, మొలవదా?" అందంట. "మొలిచేది మొలుస్తుందమ్మాయ్." "మన బానలోది?" "బానలో ఉన్నంతసేపు ఏం తెలుస్తది, భూమిలో పడాల గానీ." నాసరయ్యకి కోపమొచ్చింది. "ఏందమ్మే, వచ్చి మూణ్ణెల్లు కాలా, పెద్దాయన్ని నిలదీస్తావా?" అని కోడల్ని కసిరాడు. "నిలదీయట్లా మామా. ఈ గింజ చేలో కుళ్ళితే ఏడాదంతా ఏం తింటాం?" అందంట, మెల్లగానే.

యల్లమంద తాత దీపం కేసి చూశాడు, ఎడ్ల కేసి చూశాడు. "మాఘంలో వానకి బాన మూత తడిసింది. మళ్ళీ పేడ మెత్తుదామని మర్చిపోయా. మొన్న తడిగుడ్డలో కట్టి చూశా. గుప్పెడుకి నాలుగు గింజలే మొలిచినయ్" అన్నాడంట. నాసరయ్య ఎడ్లు విప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే, మా తప్పు నీమీద వేశాం స్వామీ అని దండం పెట్టుకుని, అన్నదమ్ములిద్దరూ బండి కట్టుకుని పున్నమ్మ పుట్టింటికి పోయారంట. "ఏం బావా, పనికాలంలో వచ్చారు?" అని వియ్యంకుడు అడిగితే, నాసరయ్య ఏదో నసిగాడంట. యల్లమంద తాతే ముందుకొచ్చి, "విత్తనం నా చేతిలో పాడైంది. మీది కొంచెం ఇవ్వాల" అన్నాడు. వాళ్ళు మారుమాట లేకుండా బాన మూత తీశారు. ఈ ముక్కేదో తడిగుడ్డలో చూసిననాడే అనుంటే ఒకరోజు పదును మిగిలేదిగా అనేది మా నాయనమ్మ, చెప్పినప్పుడల్లా.