దీపం పిల్ల అక్క

వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని చెల్లెలు. ఎదురుగా, ఊరికే చూసిపోదామని వచ్చిన అక్క. నడవా చివర ఒక గది, దానికి తాళం.

"మళ్ళీ అటే చూస్తున్నావు."

"ఎటు?"

"ఆ గది వైపు. వచ్చిన దగ్గర్నుంచీ నీ కళ్ళు ఆ తాళం మీదే ఉన్నాయి. నన్ను చదువుకోనీ అక్కా, రేపు పరీక్ష."

"చదువుకో, నేను వద్దన్నానా? సొంత ఇంట్లో పెళ్ళాన్ని అడుగు పెట్టొద్దనే మొగుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు, అంతే."

"పెట్టొద్దనలేదు. పరీక్షయ్యేదాకా ఆగమన్నారు. తర్వాత ఆయనే తీసి చూపిస్తారట."

"ఏముందో చెప్పాడా?"

"నేనడగలేదు."

"అడిగావు. నీ సంగతి నాకు తెలీదూ? అడిగావు, చెప్పలేదు."

"సరే, అడిగాను. మాట మార్చేశారు. బావ రాలేదేం నీతో?"

"ఆయనకెక్కడ తీరుతుంది. అసలేమిటే అంత మునిగిపోయి చదువుతున్నావు?"

"గ్రీకు, రోమను పురాణాలు. వాటిని పట్టుకుని తర్వాతవాళ్ళు ఏం బొమ్మలు వేశారు, ఏం శిల్పాలు చెక్కారు అన్నది. ఇదిగో, దీని మీద ప్రశ్న తప్పకుండా వస్తుందని మా మాస్టారు అన్నారు."

"అయ్యో, ఒంటి మీద గుడ్డల్లేకుండా పడుకున్నాడేమిటే వీడు? పైగా రెక్కలొకటి."

"ప్రేమ దేవుడు. మన మన్మథుడికి అటువైపు చుట్టం అనుకో. దీపం పట్టుకున్న ఈ పిల్ల ఆయన పెళ్ళాం. రోజూ చీకటి పడ్డాకే వస్తాడు, తెల్లారకముందే పోతాడు. నా మొహం చూడకూడదు అని మాట తీసుకున్నాడు."

"చూడకూడదన్నాడా? మరి నేనిందాకట్నుంచి మొత్తుకునేది అదేగా."

"నువ్వు మొత్తుకునేదే ఆ పిల్ల అక్కలూ మొత్తుకున్నారు. నీ మొగుడు మనిషి కాదే, పెద్ద పామై ఉంటాడు, నిద్రపోయాక దీపం ఎత్తి చూడు, పక్కన కత్తి కూడా పెట్టుకో అని. పిచ్చిది నమ్మింది. చూస్తే పామూ లేదు గీమూ లేదు, ఇదిగో, ఇంత అందగాడు. దీపం ఒరిగి నూనె చుక్క ఆయన భుజం మీద పడింది. లేచాడు, అనుమానం ఉన్నచోట ప్రేమ ఉండదన్నాడు, ఎగిరిపోయాడు."

"నూనె చుక్కకే పోయే కాపురం ఉంటే ఎంత, పోతే ఎంత."

"బొమ్మలు వేసేవాళ్ళకి మాత్రం ఆ క్షణమే కావాలి. చుక్క ఇంకా పడలేదు, పడబోతోంది. వెలుగంతా ఆయన ఒంటి మీద పోసేస్తారు. రాతిలో వెలుగు చెక్కలేరుగా, అందుకని ఈ శిల్పి ఆయన తిరిగొచ్చి, మూర్ఛపోయి ఉన్న ఆ పిల్లని లేవనెత్తే చోటు పట్టుకున్నాడు. రెంటినీ పోల్చి రాయాలి. అక్కల్ని మాత్రం ఈ పుస్తకంలో ఎవరూ సరిగ్గా వెయ్యలేదు. మూలన నీడల్లా పెట్టి వదిలేశారు."

"అక్కలెవరిక్కావాలి. ఇంతకీ ఎందుకలా చెప్పారట?"

"కుళ్ళు. చెల్లెలి వైభోగం చూసి ఓర్వలేక."

"అని మీ పుస్తకం రాసింది."

"కథలోనే ఉందక్కా. ఒకామె మొగుడు వాళ్ళ నాన్నకంటే ముసలాడట. తల గుమ్మడికాయకంటే నున్నగా ఉంటుందట. ఇల్లంతా గొళ్ళేలూ గొలుసులూ వేసి కాపలా కాస్తాడట. ఆ కడుపుమంట."

"ఊఁ."

"ఏం, అలా అయిపోయావు?"

"ఏం లేదు. గొలుసుల మధ్య కాపురం చేసేదాన్ని, నువ్వెలా ఉన్నావే అని ఆ చెల్లెలు ఒక్కసారన్నా అడిగిందా?"

"అది కథలో లేదు."

"ఉండదు. సరే, పాత తాళమే, జడపిన్ను పెడితే ఊడొస్తుంది. ఒక్కసారి చూసెయ్. మనసు కుదుటపడితే హాయిగా చదువుకుంటావు."

"నా మనసు కుదుటగానే ఉంది."

"అందుకేనా ఇందాకట్నుంచి ఒక్క పేజీ తిప్పలేదు?"

"నువ్వు తిప్పనిస్తేగా. నిన్న నేను స్నానంలో ఉంటే ఏదో మోయించి లోపల పెట్టించారు. చప్పుడు వింటే మంచంలా అనిపించింది. నాకెందుకులే అనుకున్నా."

"మంచమట, నీకెందుకట. నీకు తెలీకుండా నీ ఇంట్లోకి మంచం దేనికే? దానికి తోడు కొత్త కర్టెన్లు, అదీ లేత పసుపువి."

"ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"కర్టెన్లు లేత పసుపని నీకెలా తెలుసు?"

"రోడ్డు మీంచి కనబడ్డాయి."

"ఆ కిటికీ రోడ్డు వైపు లేదు. పక్కింటి గోడ వైపు ఉంది."

"అయితే మీ ఆయనే అని ఉంటాడు."

"ఆయన నీతో ఎప్పుడు మాట్లాడారు? నువ్వొచ్చినప్పుడు ఆయన ఇంట్లో ఉండరు. లేక నేను కాలేజీలో ఉన్నప్పుడు కూడా వస్తున్నావా?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను. లేత పసుపు ఆయనకి పడదు. అది నీకిష్టం. చిన్నప్పుడు మన గదికి పట్టుబట్టి వేయించుకున్న రంగు."

"చదువు నీకు బాగానే వంటబట్టిందే."

"మాట మార్చకు. ఆ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోంచి దించవేం? వచ్చిన దగ్గర్నుంచీ గట్టిగా పట్టుకునే కూర్చున్నావు."

"నా బ్యాగు జోలికెందుకొస్తావు, అందులో ఏమీ లేదు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఇటివ్వు. ఇవ్వక్కా. ఇదేంటి? ఇది ఆ గది తాళంచెవి కాదూ?"

"అవును."

"నాకు లేని తాళంచెవి నీ దగ్గరుందా? నా ఇంట్లో, నా మొగుడు, నువ్వు... ఎన్నాళ్ళ నుంచి అక్కా?"

"ఛీ, నోర్ముయ్. నా తోడబుట్టినవాడితో సమానం. చెల్లికి నేనే చెప్పుకుంటానని ఒట్టు వేయించుకున్నాను, పాపం అందుకని నోరు కుట్టేసుకున్నాడు."

"ఏం చెప్పుకుంటావు?"

"వచ్చిన ప్రతిసారీ చెబుదామనే వచ్చాను. ఆ మాటా ఈ మాటా చెప్పి వెళ్ళిపోయాను. నువ్వే అనుమానపడి తలుపు తీస్తే నాకు చెప్పే బాధ తప్పుతుందని ఇంత రాద్ధాంతం చేశాను. నీ పరీక్షయ్యేదాకా ఆగుదామనే అనుకున్నాం. ఆగలేకపోయాను. ఈ రాత్రికి ఆ ఇంటికి వెళ్ళలేనే."

"నాకు భయమేస్తోంది. లోపల ఏముందో చెప్పు."

"నా చీరలు, నా కుట్టుమిషను. నాకోసమే మంచం వేయించాడు."

"మరి బావ?"

"నేనూ దీపం ఎత్తి చూశానే, చిన్నదానా. నాకు మాత్రం నిజంగా పామే కనబడింది."