పీర్ల చావిడి తాళంచెవి

మొహర్రం నెలవంక కనిపించిన మర్నాడే మరిది వనపర్తి నుంచి ఊళ్లో దిగాడు. మొహర్రంలో ఎత్తే ఇత్తడి పీర్లకు సేవ చేసే ముజావరుగా ఉన్న అన్న పోయి ఆరు నెలలు. గడపలో కూర్చున్న వదినకు అతని ముఖం చూడగానే ఒళ్లు మండింది.

"పీర్ల చావిడి తాళంచెవి ఇయ్యి వదినా. తాతల నాటి వారసత్వం. అన్నకు కొడుకు లేడు, ఇగ నాకే రావాలె."

"పోయినేడు ఈ పీర్లనే పాత ఇత్తడి అన్నవు కద?"

"అప్పుడేదో అన్న. ఇది మా హక్కు, మా మిరాశి. ఊరంత ఒప్పుకుంది."

"ఎన్ని పేర్లు నేర్చుకొచ్చినవ్! ఇరవై రెండేండ్ల సంది చింతపండు పెట్టి తోముతున్న. మరి దానికేం పేరు?"

"అది ఇంటిపని."

"మీ అమ్మ నా చెయ్యి పట్టుకొని నేర్పింది. ఆమెకు ఆమె అత్త నేర్పింది. మీకొస్తే వారసత్వం, మాకొస్తే ఇంటిపనా?"

"ఆడోళ్లు పీరు ఎత్తుడు ఆనవాయితీ లేదు."

"ఎత్తుతనని నేనన్ననా?"

ఆమె విసురుగా లోపలికి పోయి వచ్చి, అతని అరచేతిలో తాళంచెవి పెట్టి, దాని మీద నానబెట్టిన చింతపండు ముద్ద కొట్టింది.

"తొమ్మిది పీర్లు. రేపు పొద్దుగూకేసరికి నిలబెట్టాలె. పెద్ద పీరు పంజాకు వేళ్ల సందులల్ల నల్లగ పట్టి ఉంటది, జర పైలంగ తోము."

"నాకేం తెల్వదు వదినా, ఎట్ల తోమాలె?"

"తెల్వదా? అయితే నీకొచ్చింది తాళంచెవి ఒక్కటే. తీస్కపో."