వెనక సీటు కింద స్విచ్చి

ఇదుగో, గురువారం కదా అని నీ సమాధి కడిగి గులాబీరేకులు చల్లుతున్నాను గానీ, కోపం పోయిందనుకోకు. దొంగకి దొరక్కుండా ఎవడైనా దాస్తాడు. కట్టుకున్న పెళ్ళానికి కూడా దొరక్కుండా దాస్తారటయ్యా?

ఆ రోజు మసీదు దగ్గర నీ తమ్ముడు సుగెంగ్ బండి పోయింది, నీకు దొంగల పిచ్చి పట్టింది. సురబాయలో ఇంకెవరికీ మోటారుసైకిల్ లేనట్టు! రాత్రయితే ముందుగదిలోకి ఎక్కించడం, చక్రానికి గొలుసు వేసి కిటికీ ఊచకి బిగించడం. హ్యాండిలుకి తాడు, ఆ తాడు కొసన నా వంటగిన్నెలు. పిల్లి తగిలితే చాలు, సందు సందంతా చీపుర్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చేది. "వాగిమాన్ గారింట మళ్ళీ పిల్లి దొంగ పడ్డాడు" అని ఒకటే నవ్వులు.

అదీ చాల్లేదు. బండి స్టార్టు కాకుండా ఎక్కడో స్విచ్చి పెట్టావు. ఎక్కడయ్యా అంటే, "నీ నోట్లో నువ్వుగింజ నానదే, సుమింతెన్" అన్నావు. నిజమే అనుకో. అయినా పోయేముందు చెప్పాలా వద్దా?

సుగెంగ్ ఆదివారం ఆదివారం వచ్చి కిక్కు కొట్టీ కొట్టీ చెమటలు కక్కుతున్నాడు. "ఊరికే పడుంది కదొదినా, నేను తోలుకుంటా" అంటాడు. వైర్లన్నీ పీకితే గానీ కాదన్నాడు మెకానిక్కు. ఆ ఖర్చుకి భయపడి వీడు ఆగాడు.

సాయంత్రమైతే ఏం చెయ్యను చెప్పు? గదిలో నువ్వు లేవు, బండి ఉంది. రేడియో పెట్టుకుని, నీతో సంతకెళ్ళినట్టే, వెనక సీటు మీద ఒక పక్కకి కూర్చుంటాను. ఒంటరిగా ఉందయ్యా, అబద్ధమెందుకు. మొన్న అలా కూర్చుని సీటు అంచు పట్టుకుంటే, కింద వేలికి తగిలింది. నీ స్విచ్చే!

సంతోషించాననుకున్నావా? చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నా. బండి తీసే ముందు చెయ్యి వెనక్కి పెట్టి నా మోకాలు తట్టేవాడివే! సరిగ్గా కూర్చున్నానో లేదో చూస్తున్నావనుకున్నా. "మా ఆయన నన్ను తాకనిదే బండి కదపడు" అని సందులో ఆడవాళ్ళందరికీ చెప్పుకున్నా. అదంతా స్విచ్చి కోసమా?

సుగెంగ్ బండి పోకముందు కూడా అలా తట్టేవాడివా? రోజూ అదే ఆలోచన. ఎంత గింజుకున్నా గుర్తు రావట్లేదు.

నీ తమ్ముడికి చెప్పలేదు. చెప్పను కూడా. చెబితే బండి తోలుకుపోతాడు, ఆ గదిలో గొలుసూ నేనూ మిగులుతాం. చూశావా, నానింది నువ్వుగింజ!

స్విచ్చికి ఒక్క వేలు చాలు కదయ్యా. మరి మోకాలి మీద అరచెయ్యంతా ఎందుకు పెట్టేవాడివి?

వద్దులే, చెప్పకు. వచ్చే గురువారం వస్తా.